కాలు బాగాలేని కోడిపిల్లకు ఏది సరి: కట్టా, చెప్పా, జోలా, మందా?

కాలు వంకరగా ఉన్న కోడిపిల్ల చేతికి రాగానే చాలామంది ముందు కట్టు కట్టడానికి ఏదైనా దొరుకుతుందా అని వెతుకుతారు. ప్లాస్టరు దొరుకుతుంది, రెండు కాళ్లకూ చుట్టేస్తారు, పిల్ల మాత్రం అలాగే పడి ఉంటుంది. కట్టు మంచిదే, అయితే పక్కలకు జారిపోయిన కాళ్లకే. విటమిను చాలక నరం దెబ్బతిన్న కాలికి దానివల్ల ఉపయోగం లేదు. స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడు, తప్పిన కాలికైతే విలువైన సమయం వృథా అవుతుంది. అందుకే ఏ కట్టు మంచిదని అడిగేవారిని నేను ముందు పిల్ల వయసెంత, ఎక్కడి నుంచి వచ్చింది, ఇన్నాళ్లూ ఏం తిన్నది అని అడుగుతాను.

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఇలాంటి పిల్లలు మూడు దారుల్లో మన దగ్గరికి వస్తాయి. మొదటివి పొదిగించేవాళ్లు, పిల్ల బయటికొచ్చిన రోజే పక్కన పెట్టేసినవి. "కాళ్లు లేనివమ్మా, కావాలంటే ఊరికే తీసుకెళ్లండి" అంటారు. రెండోవి బస్టాండ్ల దగ్గర, జాతరల్లో రంగు పూసి అమ్మేవి. పిల్లలు ముచ్చటపడి కొనిపించుకుంటారు, ఇంట్లో నూకలు వేసి పెంచుతారు, రెండో వారానికి కాళ్లు పడిపోతాయి. మూడోవి నాలుగైదు వారాల బ్రాయిలర్లు. వాటి బరువును వాటి కాళ్లే మోయలేవు. ఈ ముగ్గురికీ ఒకే వైద్యం చేయబోతే ఇద్దరి విషయంలో తప్పుతుంది.

వయసు చెప్పే సంగతి

పొదిగిన మొదటి రెండు మూడు రోజుల్లోనే కాళ్లు చెరోపక్కకు జారిపోతుంటే చాలావరకు నేల నునుపుగా ఉండటమో, పొదిగే పెట్టెలో వేడి, తేమ సరిగా లేకపోవడమో కారణం. దీన్ని ఇంట్లోనే సరిచేయవచ్చు. రెండో వారంలో రెండు పాదాల వేళ్లూ లోపలికి ముడుచుకుని, పిల్ల మడమల మీద కూర్చుని కదులుతూ, కళ్లు మాత్రం చురుగ్గా, ఆకలి మామూలుగా ఉంటే బి2 విటమిను, అంటే రైబోఫ్లావిన్ లోపమని అనుమానించాలి. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు చాచి పడుకున్న కోడి నెల దాటినదైతే మారెక్స్ వ్యాధి కావచ్చు. అది వైరస్ వల్ల వస్తుంది, మందు లేదు. పుట్టిన రోజు వేసే టీకా ఒక్కటే రక్షణ. నాటు పిల్లలకు ఆ టీకా సాధారణంగా అందదు. అలాంటి పక్షిని మిగతావాటి నుంచి వేరుగా ఉంచాలి, ఎందుకంటే ఈకల దుమ్ముతో అది వ్యాపిస్తుంది. మెడ మెలితిరగడం, తల వణకడం కూడా ఉంటే సమస్య కాలిది కాదు. కొక్కెర తెగులు (రాణిఖేత్ వ్యాధి)తో మొదలుపెట్టి చాలా కారణాలు ఉండవచ్చు. ఇంట్లో తేల్చుకునే వ్యవహారం కాదు.

గుంపులో ఒక్కసారిగా చాలా కోళ్లు చనిపోయిన చోటి నుంచి కుంటి పిల్లను ఇంటికి తేకండి. 2024 ఫిబ్రవరిలో పక్కనే ఉన్న నెల్లూరు జిల్లాలో బర్డ్ ఫ్లూ బయటపడింది. అలాంటప్పుడు దయ కంటే ముందు పశుసంవర్ధక శాఖకు సమాచారం వెళ్లాలి.

జారిపోయిన కాళ్లకు ఏ కట్టు

ఇక్కడ నాలుగు దారులున్నాయి. చిన్న గాయాలకు అంటించే ప్లాస్టరు పట్టీ, మందుల షాపులో దొరికే కాగితపు టేపు, తనకు తానే అంటుకునే సాగే బ్యాండేజీ, చివరిగా ఏ కట్టూ లేకుండా గ్లాసులో కూర్చోబెట్టడం.

ఒకరోజు పిల్లకైతే నేను ప్లాస్టరు పట్టీకే ఓటు వేస్తాను. మధ్యలో ఉన్న దూది భాగం రెండు కాళ్ల మధ్య ఎడంగా నిలుస్తుంది, అంటుకునే చివరలు చెరో కాలికి చుట్టుకుంటాయి. ఎడం దాదాపు రెండు సెంటీమీటర్లు ఉంటే చాలు. మామూలు పిల్ల నిలబడినప్పుడు కాళ్ల మధ్య ఎంత దూరం ఉంటుందో అంతే. మరీ దగ్గరగా కడితే పిల్ల ముందుకు బోర్లా పడుతుంది, మరీ దూరంగా కడితే కట్టి ప్రయోజనం లేదు. పట్టీ వెడల్పుగా ఉంటే నిలువుగా సగానికి కత్తిరించండి. నూగుకు అంటుకుంటే తీసేటప్పుడు చర్మం లేస్తుంది. తీసే ముందు కొబ్బరినూనె రాసి కాసేపు ఆగితే జిగురు వదులుతుంది.

కాగితపు టేపు చవక, గాలి ఆడుతుంది, ఏ వీధి చివరి మందుల షాపులోనైనా దొరుకుతుంది. లోపం ఏమిటంటే తడిస్తే ఊడిపోతుంది. కోడిపిల్ల నీళ్ల గిన్నెలో కాలు పెట్టని రోజు ఉండదు కదా. సాగే బ్యాండేజీ అన్నిటికంటే మెత్తన, చర్మానికి అంటుకోదు, విప్పి మళ్లీ కట్టవచ్చు. కానీ లాగి కడితే తర్వాత బిగుసుకుంటుంది. సాగదీయకుండా చుట్టడం అలవాటున్న చేతికి అదే మేలు, అలవాటు లేని చేతికి ప్లాస్టరే క్షేమం. రబ్బరు బ్యాండు, దారం, ఉన్ని ఈ పోటీలోనే లేవు. అవి రక్తప్రసారాన్ని ఆపేస్తాయి, పాదం నల్లబడేదాకా మనకు తెలియదు.

గ్లాసు పద్ధతి జారుడు కొద్దిగా ఉన్నవాటికే. చిన్న గ్లాసు అడుగున గుడ్డ వేసి, కాళ్లు కడుపు కిందకు వచ్చేలా పిల్లను ఇరవై నిమిషాలు, అరగంట కూర్చోబెట్టి తీస్తారు. రోజుకు నాలుగైదుసార్లు చేయాలి, పక్కనే ఉండి చూడాలి. ఉద్యోగానికి వెళ్లేవారికి ఇది కుదరదు, మొహమాటం లేకుండా చెప్పాలంటే మొదలుపెట్టకపోవడమే మంచిది.

కట్టు వేసిన మొదటి గంటల్లో పిల్ల తడబడుతుంది, పడుతుంది, అరుస్తుంది. చూడలేక విప్పేసేవాళ్లే ఎక్కువ. పడిన ప్రతిసారీ లేపి నిలబెట్టండి. సాయంత్రానికల్లా చాలా పిల్లలు నడక కనిపెట్టేస్తాయి. రోజుకు రెండుసార్లు పాదాల రంగు, వాపు చూడాలి. ఆ వయసులో పిల్ల ఎంత వేగంగా పెరుగుతుందంటే నిన్న వదులుగా ఉన్న కట్టు రేపటికి బిగుతవుతుంది. మూడు నాలుగు రోజులకు విప్పి పరీక్షించండి, ఇంకా జారుతుంటే మళ్లీ కట్టండి. మొదటి రోజుల్లోనే మొదలుపెడితే వారంలో తేలిపోతుంది. రెండు వారాలు దాటిన పిల్లకు కట్టుతో కాళ్లు దగ్గరపడటం అరుదు, అప్పటికి ఎముకలు, కీళ్లు ఆ వంకరలోనే గట్టిపడి ఉంటాయి. కట్టు మీద ఉన్నన్నాళ్లూ నీళ్ల గిన్నెలో గులకరాళ్లు వేయడం మరవకండి. బోర్లా పడిన పిల్ల రెండు వేళ్ల లోతు నీళ్లలోనూ మునిగిపోతుంది.

ముడుచుకున్న వేళ్లకు చెప్పా, విటమినా

పుట్టుకతోనే వేళ్లు వంకరగా ఉంటే చెప్పు. మామూలుగా పుట్టి తర్వాత ముడుచుకుంటే విటమిను. ఈ తేడా పట్టుకుంటే సగం పని అయినట్టే.

చెప్పుకు మందుల పెట్టె అట్ట చక్కగా సరిపోతుంది. పాదం కంటే కొంచెం పెద్దగా కత్తిరించి, వేళ్లను వాటి సహజమైన తీరులో విడదీసి పరిచి, పైనుంచి కాగితపు టేపు అంటించాలి. అట్ట తడిసి మెత్తబడుతుంది కాబట్టి రోజూ మార్చుకోవాలి. పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్క తడవదు, కానీ నేల మీద జారుతుంది. అడుగున గుడ్డ ప్లాస్టరు అంటిస్తే ఆ ఇబ్బంది తీరుతుంది. అట్టా, ఫిల్మా అంటే నేను ఫిల్ము వైపే. ఎందుకంటే పిల్లను రోజూ పట్టుకుని టేపు పీకే బాధ తగ్గుతుంది. పుట్టిన మొదటి రోజైతే రెండు మూడు రోజుల్లో వేళ్లు తిన్నబడతాయి. ఒక వేలు మాత్రమే కాస్త పక్కకు తిరిగి, పిల్ల హాయిగా నడుస్తుంటే చెప్పు కూడా వద్దు. అలా జీవితాంతం తిరిగే కోళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి.

విటమిను సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో జరిగే పొరపాటు ఇక్కడే. నూకలు, రాగులు వేసి పెంచిన పిల్లకు బి2 చాలదు. కోడిపిల్ల మేతలో కిలోకు 3.6 మిల్లీగ్రాముల రైబోఫ్లావిన్ ఉండాలి. మరపట్టిన బియ్యం నూకల్లో ఉండేది దానికి చాలా తక్కువ. అది కొరవడితే తొడ నుంచి కాలికి వెళ్లే నరం ఉబ్బి పాడవుతుంది, వేళ్లు పిడికిలిలా ముడుచుకుంటాయి. మొదట్లోనే పట్టుకుంటే వేగంగా తేరుకుంటుంది. వారాలు గడిచాక నరానికి జరిగిన నష్టం వెనక్కు రాదు, అప్పుడు ఎన్ని చుక్కలు పోసినా వేళ్లు విచ్చుకోవు.

కోళ్ల మందుల దుకాణంలో "కాళ్లు పడిపోయాయి, విటమిన్ ఇవ్వండి" అంటే చేతిలో పెట్టే ద్రవాలు కొన్నింటిలో ఎ, డి3, ఇ, బి12 మాత్రమే ఉంటాయి. వేళ్ల ముడతకు అవి పనికిరావు. సీసా తిప్పి బి2 లేదా రైబోఫ్లావిన్ అన్న మాట ఉందో లేదో చదవండి. మనుషుల బి-కాంప్లెక్స్ క్యాప్సూల్ కూడా వాడవచ్చు. పిల్లకు కావలసింది 100 మైక్రోగ్రాముల చొప్పున రెండు మోతాదులే, ఆ తర్వాత సరైన మేత. 10 మిల్లీగ్రాముల బి2 ఉన్న క్యాప్సూల్‌లో అలాంటి మోతాదులు వంద ఉంటాయి. అందుకని చిటికెలో చిటికెడు పొడిని ఉడికించిన గుడ్డు సొనలో కలిపి తినిపిస్తే చాలు. నీళ్లలో కలిపి ఎండలో పెట్టకండి, వెలుతురుకు రైబోఫ్లావిన్ విరిగిపోతుంది. గుడ్డు సొన, మేక కాలేయం ముక్క కూడా మంచి ఆధారాలే, కానీ వేళ్లు ముడుచుకున్నాక ఆహారం ఒక్కదాని మీదే ఆధారపడి ఎదురుచూడటం నాకు నచ్చదు.

కాళ్లు మెత్తగా, ముక్కు వేలితో నొక్కితే రబ్బరులా వంగుతుంటే అది వేరే లెక్క. డి3, కాల్షియం, భాస్వరాల్లో ఏదో లోపం. ఇక్కడ ఎ, డి3 ఉన్న ద్రవం సరైన ఎంపిక. ఉదయపు ఎండ కూడా మందే, అయితే కిటికీ అద్దం వెనక కూర్చోబెడితే ఫలితం ఉండదు, కావలసిన కిరణాలను అద్దం ఆపేస్తుంది. ఒట్టి కాల్షియం సిరప్ పోయడం మాత్రం ఆపండి. డి3 లేకుండా అది ఒంటబట్టదు, ఎక్కువైతే మూత్రపిండాలు చెడతాయి. గుడ్లు పెట్టే కోళ్ల మేతను పిల్లలకు వేయకూడదనేది కూడా అందుకే. దానిలో కాల్షియం పిల్లకు అవసరమైనదానికి మూడు నాలుగు రెట్లు ఉంటుంది.

స్నాయువు తప్పితే

కోడికి మోకాలులా కనిపించే కీలు నిజానికి మడమ. దాని వెనక గాడిలో ఒక స్నాయువు పరుగెత్తుతుంది. అది గాడి నుంచి పక్కకు జారితే కీలు వాచి చదునవుతుంది, కాలు బయటకు మెలితిరుగుతుంది, పిల్ల నొప్పితో విపరీతంగా అరుస్తుంది. మాంగనీసు, కోలిన్ వంటివి మేతలో తక్కువైనా, బరువు వేగంగా పెరిగినా ఇలా జరుగుతుంది. దీన్ని కాళ్లు జారడమని పొరబడి రెండు కాళ్లూ కలిపి కట్టేవారు ఎక్కువ. గుర్తు పట్టడం సులువే. మడమ వెనక వేలితో తడిమితే బాగున్న కాలికి గాడిలో తాడులాంటిది తగులుతుంది, తప్పిన కాలికి అక్కడ ఏమీ ఉండదు, పక్కన దొరుకుతుంది.

జారిన కొన్ని గంటల్లో అయితే కాలిని కొద్దిగా వెనక్కు చాచి, బొటనవేలితో స్నాయువును గాడిలోకి నెట్టవచ్చు. కానీ అది నిలవడం కష్టం. తెలిసినవారి చేత ఒకసారి చేయించుకున్నాకే సొంతంగా ప్రయత్నించాలన్నది నా మాట. ఇంట్లో ప్రయత్నమా, ఆసుపత్రా అంటే ఈ ఒక్క సందర్భంలో తడుముకోకుండా ఆసుపత్రి అంటాను, అదీ ఆ రోజే.

కింద పరిచేది, పక్కన వెలిగేది

వార్తాపత్రిక అన్నిటికంటే చెడ్డది. కాళ్లు జారడానికి అదే మొదటి కారణం. తువ్వాలు మెత్తగానే ఉంటుంది గానీ దాని నూలు ఉచ్చుల్లో గోళ్లు ఇరుక్కుంటాయి. పాత నూలు దుప్పటి, లుంగీ ముక్క నయం, అడుగున అల్మారాలో పరిచే రబ్బరు జాలీ వేస్తే ఇంకా పట్టు దొరుకుతుంది. మన జిల్లాల్లో వేరుశనగ పొట్టు సులువుగా దొరుకుతుంది, ఆరోగ్యమైన పిల్లలకు మంచి పరుపు కూడా. కానీ నిలబడలేని పిల్ల వదులుగా ఉన్న పొట్టులో కూరుకుపోతుంది. పైగా తేమ తగిలి బూజు పట్టిన పొట్టు మీద రోజంతా ముక్కు ఆనించి పడుకుంటే ఊపిరితిత్తులు చెడతాయి. కాలు కుదుటపడ్డాకే పొట్టు.

వేడి విషయంలో పుస్తకాల లెక్క మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించడం. తిరుపతిలో మే నెల మధ్యాహ్నం ఆ లెక్క వేసి బల్బు వెలిగిస్తే పిల్లను ఉడకబెట్టినట్టే. బయట 40 దాటినప్పుడు దానికి కావలసింది నీడ, నీళ్లు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మాత్రం వేడి తప్పనిసరి. బాగున్న పిల్ల వేడెక్కితే దూరంగా జరుగుతుంది, కాలు లేని పిల్ల జరగలేదు. అందువల్ల బల్బు పెట్టె మధ్యలో కాకుండా ఒక మూలన ఉండాలి, పిల్ల ఆ వెచ్చదనం అంచున ఉండాలి. నోరు తెరిచి రొప్పుతుంటే దూరం జరపండి. ఎల్‌ఈడీ బల్బు వెలుతురే ఇస్తుంది గానీ వేడి ఇవ్వదు. పాత తీగ బల్బు దొరకకపోతే, లేదా కరెంటు పోతే, వేడినీళ్ల సీసాను గుడ్డలో చుట్టి ఆనించవచ్చు. రెండు గంటలకోసారి నీళ్లు మార్చాలి, రాత్రంతా లేచే ఓపిక ఉంటేనే దాన్ని నమ్ముకోండి.

నిలబడలేని పిల్లకు జోలె, చుట్ట, చక్రాల బండి

అట్టపెట్టెకు అడ్డంగా గుడ్డ కట్టి, కాళ్లకు రెండు, రెట్టకు ఒకటి రంధ్రాలు చేస్తే జోలె తయారు. పాదాలు నేలకు ఆనీ ఆననట్టు ఉండాలి. కండరాలకు పని తగులుతుంది, మేత, నీళ్లు ఎదురుగా పెట్టవచ్చు. అయితే అది వ్యాయామం, పడక కాదు. అరగంట చాలు. రోజంతా వేలాడదీస్తే తొడల మధ్య ఒరుసుకుని పుండ్లు పడతాయి. విశ్రాంతికి మెత్తని గుడ్డను చుట్టలా చుట్టి మధ్యలో కూర్చోబెట్టడమే మేలు. పక్కకు ఒరగకుండా పట్టి ఉంచుతుంది, రొమ్ము ఎముక మీద బరువు తగ్గుతుంది. ఆ ఎముక మీద చర్మం ఎర్రబడుతోందేమో రోజూ చూడండి, రెట్ట అంటుకుంటే గోరువెచ్చని నీళ్లతో తుడిచి ఆరబెట్టండి.

చక్రాల బండి పిల్లలకు దండగ. వారానికో సైజు పెరిగే ప్రాణికి బండి కొలతలు ఎక్కడ సరిపోతాయి? ఎదుగుదల ఆగిన పెద్ద కోడికైతే ఆలోచించవచ్చు.

బ్రాయిలరైతే మేతే మందు

బ్రాయిలర్ ఐదారు వారాల్లో రెండు కిలోలు దాటేలా తయారుచేసిన జాతి. దాని కాలు బాగుచేయడమంటే ముందు ఆ వేగానికి పగ్గం వేయడమే. పుట్టిన మొదటి వారం మాత్రమే కడుపునిండా తిననిచ్చి, తర్వాత ఉదయం, సాయంత్రం కొలిచి పెట్టాలి. మాంసకృత్తులు ఎక్కువుండే బ్రాయిలర్ మేతకు బదులు గుడ్ల జాతి పిల్లల మేత వాడాలి. అది ఆకలిగా చూస్తుంది, మనకు పాపమనిపిస్తుంది, గిన్నె నింపేస్తాం. అలా నింపిన గిన్నెలే దాన్ని కూలబెడతాయి. నాటు పిల్లకు, రంగు పిల్లకు ఈ కట్టడి అవసరం లేదు, వాటికి 20 శాతం మాంసకృత్తులున్న పిల్లల మేత ఎప్పుడూ అందుబాటులో ఉంచవచ్చు. ఏ జాతికైనా బూజు వాసన వచ్చే వేరుశనగ చెక్క మాత్రం వేయకండి, దానిలోని విషం కాలేయాన్ని తింటుంది.

తోడు ఉంచాలా వద్దా అన్నదానికి నా జవాబు ఒక్క తోడు. ఒంటరి పిల్ల అరిచి అరిచి తిండి మానేస్తుంది, గుంపులో వేస్తే మిగతావి కట్టును పొడుస్తాయి, ముఖ్యంగా ఎరుపు రంగు కట్టును. నెమ్మదైన పిల్లను ఒకదాన్ని పక్కన ఉంచి, మీరు ఇంట్లో లేనప్పుడు మధ్యలో జాలీ అడ్డం పెట్టండి.

ఆసుపత్రికి ఎప్పుడు

ఎముక విరిగినా, కీళ్లు వేడిగా వాచినా, అరికాలిలో నల్లటి పొక్కుతో పుండు పడినా, బి2 ఇచ్చిన మూడు నాలుగు రోజులకూ మార్పు లేకపోయినా ఇక ఇంట్లో ఉంచకండి. ఈ విషయంలో తిరుపతి వాసులు అదృష్టవంతులు. ఇక్కడి పశువైద్య కళాశాల 1955 నాటిది, 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కూడా ఇక్కడే ఏర్పడింది. కళాశాలకు అనుబంధంగా ఆసుపత్రి ఉంది. చిత్తూరు వైపు ఉన్నవారు ప్రభుత్వ పశువైద్యశాలకు వెళ్లవచ్చు. మనుషుల నొప్పి మాత్రలు ముక్కలు చేసి వేయడం వద్దు. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు మన దేశంలో రాబందులను దాదాపు తుడిచిపెట్టింది, 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. పక్షి మూత్రపిండాలతో ప్రయోగాలు చేయకూడదు.

బతికించాలా, నొప్పి లేకుండా ముగించమని వైద్యుణ్ణి అడగాలా అన్నది కూడా ఒక ఎంపికే. సొంతంగా తింటోంది, తాగుతోంది, శుభ్రంగా ఉంచగలుగుతున్నాం, పుండ్లు లేవు, మనిషి అలికిడికి స్పందిస్తోంది అంటే కుంటిదైనా దానికి బతుకుంది. నోట్లో పెడితే తప్ప తినక, రొమ్ము మీద పుండ్లు మానక, పడుకున్నచోటే అరుస్తుంటే వైద్యుడితో రెండో మాట మాట్లాడాలి. ఇంట్లో అందరూ కాదన్నా, ఆ పిల్లను రోజూ ఎత్తి శుభ్రం చేసేవారి మాటకే ఎక్కువ విలువ ఇవ్వండి.

వెళ్లేటప్పుడు పిల్ల నడిచే తీరును ఫోనులో వీడియో తీసుకుని వెళ్లండి. బల్ల మీద పెట్టగానే భయపడి కదలకుండా కూర్చుంటుంది, వైద్యుడికి ఏమీ కనిపించదు. ఇప్పటిదాకా వేసిన మేత గుప్పెడు, ఇచ్చిన మందు సీసా, వీలైతే తాజా రెట్ట ఒక పొట్లంలో తీసుకెళ్లండి. మధ్యాహ్నం ఎండలో ప్లాస్టిక్ సంచిలో కాకుండా, గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో, అడుగున దుప్పటి ముక్క వేసి, పొద్దున్నే బయలుదేరండి.